సందడిలో సందేశము

రేపల్లెకు నైరృతి దిక్కున, సముద్రతీరమున నిజాంపట్నము అను రేవు కలదు. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదని తెలిసినప్పుడు ఆ రేవులో హెచ్చరిక సంకేతమును ఎగురవేయుదురు. పగటివేళ స్తంభమునకు కొన్ని ఆకారములను వ్రేలాడదీయుటయు, రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములను వెలిగించుటయు దీని పద్ధతి. "మూడవ నంబరు ఎగురవేసిరి", "పదవ నంబరు వచ్చినది" అను మాటలను మీరు పత్రికలలో చదివియుందురు. మనదేశపు రేవులలో ఈ సంకేతములు ఒకటి మొదలు పదకొండు వఱకు కలవు. ఒకటియు రెండును దూరమున, సముద్రముమీద గాలివాన యున్నదని తెలుపును. మూడును నాలుగును రేవునకే గాలి సోకవచ్చునని చెప్పును. అయిదు మొదలు ఏడు వఱకు ప్రమాదమును, ఎనిమిది మొదలు పది వఱకు మహాప్రమాదమును సూచించును. ఇంతవఱకు అంకె పెరిగినకొలది ఆపదయు పెరుగుచు వచ్చినది. మఱి పదకొండవ నంబరునకు అర్థమేమి? పదవదానికంటె ఘోరమైన గాలి యని మీరు తలంతురేమో! కాదు. తుపాను హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, చెడు వాతావరణము రావచ్చును, అని దాని భావము.

ఈ పట్టికను కూర్చినవారు ఎంతటి ఆలోచనాపరులో చూడుడు. గాలి ఎచటనున్నదో, ఎటు పోవుచున్నదో తెలిసినంతకాలము మనుష్యుడు ఏదో యొక ఉపాయము చేయగలడు. పడవను ఒడ్డునకు లాగుకొనగలడు, పిల్లలను, పశువులను మెరకకు చేర్చగలడు. ఏ వార్తయు రానినాడు ఏమి చేయవలెనో తోచదు. అందుచేతనే కాబోలు, వార్త రాకపోవుటను వారు మహాప్రమాదమునకు కూడ తరువాతి మెట్టున నిలిపిరి.

వార్త చెడుటకు తీగ తెగుట యొక్కటియే కారణము కాదు. తీగ చెక్కుచెదరకుండినను దానిలో రొద చేరి మాట వినబడకపోవచ్చును. వినబడినను ఒక మాట మఱియొక మాటగా వినబడవచ్చును. తప్పు దొర్లకుండుటకై అదే వార్తను పదిమార్లు చెప్పినచో ఆలస్యమగును. తుపాను ఆలస్యము చేయదు గదా! కావున రొదలో నుండి వార్తను తప్పులేకుండగను, త్వరితముగను పంపుట ఎట్లు అను ప్రశ్న పుట్టినది. ఈ ప్రశ్నకు నూఱేండ్లకు పైగా అనేకులు సమాధానము వెదకిరి. నేడు మీ యింట సెల్ ఫోనులో కదలెడి బొమ్మలు కనబడుచున్నవనిన, అది ఆ వెదకులాట ఫలమే.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములు మూడును 2022 వఱకు గుంటూరు జిల్లాలోనివే. ఆ సంవత్సరమున బాపట్ల జిల్లా ఏర్పడగా బాపట్లయు రేపల్లెయు దానిలో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేఱైనను వీనిని రైలుమార్గము కలిపియుంచినది. విజయవాడ నుండి చెన్నైకు పోవు పెద్ద మార్గము తెనాలి, నిడుబ్రోలు, బాపట్లల మీదుగా సాగును. తెనాలియొద్ద చీలిన శాఖ వేమూరు, భట్టిప్రోలు దాటి, సుమారు 34 కిలోమీటర్లు పోయి రేపల్లెలో ఆగును. ఈ శాఖ 1916లో ఏర్పడినది. రైలు పట్టాల వెంబడి స్తంభములు పాతి, వానిపై తంతితీగలను లాగుట ఆ కాలపు వాడుక. మనదేశమున తొలి తంతిమార్గము 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరు వఱకు పనిచేసెను; 2013 జూలైలో తంతి వార్తల సేవను నిలిపివేసిరి. నూట అరువదేండ్లకు పైగా అది మన పెండ్లి వార్తలను, చావు వార్తలను, తుపాను వార్తలను మోసినది.

తంతిలో అక్షరములు, అంకెలు చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు అను రెండు గుర్తులతోనే పోవును. ఒకటి అను అంకెకు ముందొక చిన్న గుర్తు, తరువాత నాలుగు పెద్దవి. రెండు అను అంకెకు ముందు రెండు చిన్నవి, తరువాత మూడు పెద్దవి. అనగా ఒకటికిని రెంటికిని గల భేదమంతయు రెండవ గుర్తులోనే యున్నది. దూరమున పిడుగు పడి తీగలో ఒక్క క్షణము రొద పుట్టి ఆ గుర్తు చెదరినచో, ఒకటి రెండగును. మాటలలో తప్పు దొర్లినచో చదువువాడు ఊహించి దిద్దుకొనగలడు. అంకెలో తప్పు దొర్లినచో దానిని పట్టునది ఏదియు లేదు.

రైల్వేవారు ఈ ప్రమాదమును చక్కగా గుర్తించిరి. ఒక స్టేషను మాష్టరు పొరుగు స్టేషనుకు రైలును పంపుటకు అనుమతి అడుగునప్పుడు, ఇద్దరును ఫోనులో రహస్యపు అంకెల పట్టికల నుండి ఒక్కొక్క సంఖ్యను చెప్పుకొందురు. ఆ సంఖ్యను రెండు విధములుగా పలుకుట ఆచారము: "యాభైమూడు, అయిదు, మూడు" అని. వినువాడు దానిని తిరిగి అప్పగించును. యాభైమూడు అనునది రొదలో యాభైయారుగా వినబడినను, వెంటనే విడివిడిగా పలికిన అయిదు, మూడు దానిని సరిదిద్దును. కొంచెము ఎక్కువ చెప్పి తప్పును పట్టుట యను ఈ ఉపాయమును గుర్తుంచుకొనుడు. దీనితో మనకు మున్ముందు పని కలదు.

ఇక తీగలలోనికి రొద ఎచటి నుండి వచ్చును? పిడుగు ఒక కారణము. తడిసిన పింగాణీ గిన్నెల మీదుగా విద్యుత్తు స్తంభములోనికి జారిపోవుట మఱియొకటి. అన్నిటికంటె పెద్ద చిక్కు రైలుమార్గమునకు విద్యుత్తు వచ్చినప్పుడు కలిగెను. విజయవాడ చెన్నై మార్గము 1980 నాటికి పూర్తిగా విద్యుదీకరణము పొందినది. పట్టాలపై లాగిన తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. అది సెకనుకు 50 మార్లు అటునిటు ఊగుచుండును. ఊగెడి విద్యుత్తు ప్రక్కనున్న తీగలో, దానిని తాకకయే, విద్యుత్తును పుట్టించునని భౌతికశాస్త్రమున చదువుదురు. బాపట్ల స్టేషను మీదుగా రైలింజను విద్యుత్తును లాగుకొనుచు పోవుచుండగా, ప్రక్కనే మైళ్లకొలది సమాంతరముగా సాగిన టెలిఫోను తీగలో బుస్సుమను రొద పుట్టుటయే కాక, తీగను ముట్టినవానికి అపాయము కలుగునంతటి వోల్టులును పుట్టవచ్చును. అందుచేత విద్యుదీకరణము జరుగు మార్గములలో స్తంభములపై తీగలను తొలగించి, లోహపు తొడుగు గల కేబుళ్లను భూమిలో పాతుట విధియైనది.

తీగలను రొద నుండి కాపాడుటకు ఇంతకంటె పాతదైన, మిక్కిలి సొగసైన ఉపాయమొకటి కలదు. టెలిఫోనును రూపొందించిన అలెగ్జాండర్ గ్రహాంబెల్ 1881లో దానికి పేటెంటు పొందెను. ఒక తీగకు బదులు రెండు తీగలను తీసికొని, జడ అల్లినట్లు ఒకదానితో నొకటి మెలిపెట్టవలెను. మనము పంపెడి మాట రెండు తీగలకును గల తేడాగా పోవును. బయటి రొద రెంటిలోను సమానముగా చేరును. మెలిక యుండుటచేత ఒకచోట మొదటి తీగ రొదకు దగ్గఱగా నుండినచో, మఱుచోట రెండవది దగ్గఱగా నుండును. అవతలి చివర ఒక తీగలోనిదానిని రెండవదానిలోనుండి తీసివేసినచో రొద రొదతో పోయి మాట మిగులును. నేటికిని కంప్యూటరులను కలిపెడి తీగలను విప్పి చూచినచో జతజతలుగా మెలిపెట్టియుండుటను చూడవచ్చును.

గాజునారకు ఈ బాధ లేనేలేదు. దానిలో వార్త వెలుతురుగా పోవును గాని విద్యుత్తుగా పోదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారి ఫైబర్‌నెట్ సంస్థ ఈ గుణమునే ఆధారము చేసికొని, గాజునార కేబుళ్లను కరెంటు స్తంభములమీదనే లాగినది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి దీనిని ప్రారంభించిరి. కరెంటు తీగ ప్రక్కనే వేలాడుచున్నను గాజునారకు దాని రొద సోకదు. అయితే తుపాను గాలికి స్తంభము పడినచో గాజునారయు దానితోబాటు పడును. ఒక చిక్కు తీరిన చోటనే మఱియొకటి కాచుకొనియుండుట ఈ విద్యలో తఱచు కనబడును.

మొదట రొద యనునది ఎంతవఱకు అడ్డుపడగలదో లెక్కవేసినవాడు అమెరికా దేశస్థుడు క్లాడ్ షానన్. మన రేపల్లె శాఖ ఏర్పడిన 1916లోనే ఆయన జన్మించెను. బెల్ ప్రయోగశాలలో పనిచేయుచు 1948లో ఆయన ప్రకటించిన వ్యాసము వార్తాశాస్త్రమునకు పునాది. అంతకుముందు ఇంజనీర్లకు ఒక విశ్వాసము ఉండెడిది. తప్పులు తగ్గవలెనన్న వేగమును తగ్గించుకొనుచు పోవలెను, తప్పులు పూర్తిగా పోవలెనన్న వేగము సున్న కావలెను, అని వారు తలంచెడివారు. షానన్ దీనిని తలక్రిందులు చేసెను. రొద గల ప్రతి మార్గమునకును ఒక హద్దు కలదు. ఆ హద్దునకు లోబడిన వేగముతో పంపినచో తప్పులను మనము కోరినంత తక్కువకు దించవచ్చును. హద్దు దాటినచో ఎంతటి నేర్పరికిని అది సాధ్యము కాదు, అని ఆయన గణితముతో నిరూపించెను.

ఆ హద్దు రెండు సంగతులపై ఆధారపడును. మొదటిది మార్గము యొక్క వెడల్పు, అనగా ఎన్ని పౌనఃపున్యములను అది పోనిచ్చును అనునది. రెండవది మాట రొదకంటె ఎన్ని రెట్లు బలముగా నున్నది అనునది. పాతకాలపు టెలిఫోను మార్గము వెడల్పు సుమారు 3,000 హెర్ట్జులు. మాట రొదకంటె 1,000 రెట్లు బలమైనదని అనుకొందము. షానన్ లెక్క ప్రకారము అట్టి తీగలో సెకనుకు సుమారు 30,000 అంకెలు పంపవచ్చును. 1990 దశకమున టెలిఫోను తీగలకు తగిలించిన మోడెము అను యంత్రములు సెకనుకు 28,800 అంకెలను, తరువాత 33,600 అంకెలను పంపినవి. లెక్క ఎంత సత్యమైనదో దీనినిబట్టి తెలియుచున్నది.

ఇప్పుడు మాట శక్తిని రెట్టింపు చేసితిమనుకొనుడు. వేగము కూడ రెట్టింపై 60,000 అగునా? కాదు, 33,000 మాత్రమే యగును. మరల శక్తిని రెట్టింపు చేసినచో మఱియొక 3,000 కలియును, అంతే. దీనికి బదులు శక్తిని అట్లే యుంచి, మార్గపు వెడల్పును రెట్టింపు చేసినచో, వెడల్పుతోబాటు రొదయు రెట్టింపైనను, వేగము సుమారు 54,000 అగును. అఱచినందువలన కలుగు లాభము స్వల్పమని గణితమే చెప్పుచున్నది. తెనాలి పద్యనాటకములకు పేరుపడిన పట్టణము. మైకులు లేని రోజులలో నటులు శ్రుతి హెచ్చించి పాడెడివారు. చివరి వరుసవానికి రాగము వినబడెడిది గాని పదము విడివిడిగా తెలిసెడిది కాదని పెద్దలు హాస్యముగా చెప్పుదురు.

హద్దు ఉన్నదని షానన్ చెప్పెను గాని, దానిని చేరు మార్గమును పూర్తిగా చూపలేదు. ఆ పని తరువాతివారికి మిగిలినది. వారికి మూలాధారమైనది ఇంతకుముందు స్టేషను మాష్టర్ల విషయమున మనము చూచిన ఉపాయమే: కొంచెము ఎక్కువ చెప్పి తప్పును పట్టుట.

భాషలో ఈ ఎక్కువ సహజముగనే యున్నది. భట్టిప్రోలు స్తూపమున దొరికిన రాతి భరిణెలమీద క్రీస్తుకు పూర్వపు లిపిలో వ్రాసిన అక్షరములు కలవు. ఇట్టి శాసనములలో ఒక అక్షరము అరిగినను, చుట్టునున్న అక్షరముల ఆధారమున పండితులు దానిని పూరించుటకు యత్నింతురు. మీరును "రేప" అని చదివి తరువాతి అక్షరము చెరిగియుండినచో "ల్లె" అని పూరింతురు. అంకెలకు ఇట్టి చుట్టఱికము లేదు. కావున దానిని మనమే కల్పింపవలెను.

అది ఎట్లో చూతము. యంత్రములు సంఖ్యలను సున్న, ఒకటి అను రెండంకెలతోనే వ్రాయును. దీనిని ద్విసంఖ్యామానమందురు. ఈ పద్ధతిలో పది అను సంఖ్య 1010 అగును. రెండు అను సంఖ్య 0010. నిజాంపట్నమునకు పదవ నంబరు హెచ్చరిక పంపితిమనుకొనుడు. దారిలో మొదటి అంకె ఒక్కటి చెడి సున్న యైనచో అచట అందునది రెండవ నంబరు! మహాప్రమాదము అను వార్త, దూరమున ఎచటనో గాలి యున్నదను వార్తగా మాఱినది. పడవవాడు వల సర్దుకొని సముద్రముమీదికి పోవును.

దీనికి మొదట తోచు ఉపాయము ప్రతి అంకెను మూడుమార్లు పంపుట. మూడింటిలో రెండు ఏమి చెప్పిన దానిని నమ్మవచ్చును. కాని నాలుగంకెల వార్తకు పండ్రెండంకెలు పంపవలసివచ్చును. వేగము మూడవ వంతునకు పడిపోయినది. ఇంతకంటె మంచి ఉపాయము కలదు. ఆ నాలుగంకెలను చదరముగా వ్రాయుడు. ప్రతి అడ్డవరుసకును కుడిప్రక్కను, ప్రతి నిలువువరుసకును క్రిందను ఒక కాపలా అంకె నుంచుడు. వరుసలోని మొత్తము బేసి యైనచో కాపలా అంకె ఒకటి, సరి యైనచో సున్న.

1 0 | 1
1 0 | 1
0 0

ఇప్పుడు మొదటి అంకె చెడి సున్న యైనదనుకొనుడు. అందుకొనువాడు కాపలా అంకెలతో సరిచూచును. మొదటి అడ్డవరుస మొత్తము సున్న. కాపలా అంకె మాత్రము బేసి యనుచున్నది. తప్పు ఈ వరుసలో నున్నది. మొదటి నిలువువరుస మొత్తము ఒకటి. కాపలా అంకె సరి యనుచున్నది. తప్పు ఈ వరుసలోను ఉన్నది. రెండు వరుసలును కలియుచోటనున్న అంకెయే దొంగ! దానిని మార్చినచో 1010 తిరిగి వచ్చును. ఒకవేళ కాపలా అంకెయే చెడినచో ఒక్క వరుస మాత్రమే తప్పు చూపును గాని రెండును చూపవు. అప్పుడు వార్త సరిగానే యున్నదని గ్రహింపవచ్చును. నోటుపుస్తకమున మీరే ఒక్కొక్క అంకెను చెఱిపి పరీక్షించి చూడుడు.

దీనికి ఎనిమిదంకెలు చాలినవి. బెల్ ప్రయోగశాలలోనే పనిచేసిన రిచర్డ్ హామింగ్ ఇంకను ఒక అంకెను తగ్గించి, నాలుగంకెలకు మూడు కాపలా అంకెలు చాలునని చూపెను. ఆయనకు ఆ కాలమున వారాంతములలో గణనయంత్రము లభించెడిది. యంత్రము తప్పును గుర్తుపట్టిన వెంటనే ఆ పనిని విడిచిపెట్టెడిది. సోమవారము వచ్చి చూచునప్పటికి పని కాకుండెడిది. తప్పున్నదని పట్టగల యంత్రము, ఆ తప్పు ఎచటనున్నదో ఏల పట్టరాదు, అను విసుగులోనుండి ఆయన పద్ధతి పుట్టినది. 1950లో దానిని ప్రకటించెను. సెకనుకు 8,400 అంకెలు మోయు మార్గమున్నదనుకొనుడు. మూడుమార్లు చెప్పు పద్ధతిలో 2,800 వార్తాంకెలు పోవును. చదరపు పద్ధతిలో 4,200, హామింగ్ పద్ధతిలో 4,800 పోవును. తీగ అదే, రొద అదే, విద్యుత్తు అదే. కూర్పు మాఱినది.

పిడుగు రొద మఱియొక తీరుది. అది ఒక్క అంకెతో తృప్తిపడదు. వరుసగా నాలుగైదింటిని తుడిచిపెట్టును. నాలుగు వార్తలను ఒకదాని క్రింద నొకటి వ్రాసి, అడ్డముగా గాక నిలువుగా అంకెలను పంపినచో, పిడుగు వరుసగా నాలుగంకెలను మ్రింగినను ఒక్కొక్క వార్తలో ఒక్కటే పోవును. ఆ ఒక్కదానిని కాపలా అంకెలు పట్టుకొనును. ఆ తరువాత వచ్చిన కూర్పులు మిక్కిలి జటిలమైనవి. రాబర్ట్ గాలగర్ 1960 ప్రాంతమున కనుగొన్న యొక పద్ధతిని యంత్రములకు శక్తి చాలక ముప్పదేండ్లు మఱచిరి. నేడు 5జి ఫోనులలో వార్తను కాపాడునది ఆ వంశపు పద్ధతియే. షానన్ చెప్పిన హద్దునకు అది మిక్కిలి చేరువగా పోయినది.

1977 నవంబరు 19వ తేదీని తీరవాసులు మఱవరు. ఆనాటి ఉప్పెన రేపల్లెకు కృష్ణ ఆవలి ఒడ్డుననున్న దివిసీమను ముంచినది. బాపట్ల తీరమునకును గొప్ప నష్టము కలిగినది. సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. స్తంభములు కూలి, తీగలు తెగి, గ్రామములు ఒంటరివైనవి. స్తంభములతో పనిలేని వార్తామార్గము కావలెనను సంగతి దానివలన స్పష్టమైనది. 1983లో ఇన్‌శాట్ 1బి ఉపగ్రహమును ఆకాశమునకు పంపిన తరువాత తీరగ్రామములలో తుపాను హెచ్చరిక గ్రాహకములను అమర్చిరి. వార్త సుమారు 36,000 కిలోమీటర్లు పైకి పోయి, అంతదూరము క్రిందికి రావలెను. వచ్చునప్పటికి అది మిక్కిలి బలహీనమై, రొదలో మునుగునట్లుండును. ప్రతి గ్రాహకమునకును అంకెలతో కూర్చిన గుర్తు ఒకటి యుండును. ఏ ప్రాంతమునకు ఆపద కలదో ఆ ప్రాంతపు గ్రాహకములు మాత్రమే తమ గుర్తును పోల్చుకొని, కూత వేసి, తెలుగులో హెచ్చరికను వినిపించును. 1990 మే 9న కృష్ణ సముద్రములో కలియుచోటికి సమీపమున మహా తుపాను తీరము దాటినది. లక్షలాది ప్రజలను ముందుగనే సురక్షితస్థలములకు తరలించిరి. మృతులు వెయ్యికి లోపు. ఒక్క ప్రాణమైనను తక్కువది కాదు. అయినను పదమూడేండ్లలో వచ్చిన భేదమును చూడుడు. తరలించిన ఉద్యోగుల కష్టము, తుపాను రక్షణ భవనములు, ఉపగ్రహపు వార్త, ఇవన్నియు కలిసి చేసిన పని యది.

ఇంతవఱకు మనము చూచినది ప్రకృతి రొద. నేటి చిక్కు వేఱు. ఒకని మాట మఱియొకనికి రొద యగుచున్నది. శాస్త్రజ్ఞులు దీనిని వ్యతికరణమందురు. మనము పొరుగుమాట యని పిలుచుకొందము. సాయంకాలము తెనాలి జంక్షనులో రేపల్లె బండికై నిలిచిన వందలాది ప్రయాణికులు ఒక్కసారిగా ఫోనులు తీసెదరు. అందఱి సందేశములును ఒకే గాలిలో, దాదాపు ఒకే పౌనఃపున్యములలో పోవలెను. ప్రకృతి రొదపైన నీవు గొంతు పెంచి నెగ్గవచ్చును. పొరుగువాడు కూడ గొంతు పెంచును గావున ఇచట అదియు సాగదు. పాతపద్ధతి పంచుకొనుట: నీవు కొంతసేపు, నేను కొంతసేపు, లేదా నీకొక పౌనఃపున్యము, నాకొక పౌనఃపున్యము. పదిమంది యున్నచో ఒక్కొక్కనికి పదవ వంతు. పక్కపక్క టవరులకు వేఱువేఱు పౌనఃపున్యములనిచ్చి, దూరపు టవరునకు మొదటి పౌనఃపున్యమునే మరల ఇచ్చుట దీనికి సవరణ.

తమిళనాడులోని పొల్లాచిలో 1944లో జన్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ అను శాస్త్రజ్ఞుడు మన నౌకాదళమున చాలకాలము పనిచేసి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు పోయెను. 1992లో ఆయనకు ఒక ఆలోచన తట్టినది. రెండు ఏంటెనాల నుండి రెండు వేఱు వార్తలను, ఒకే సమయమున, ఒకే పౌనఃపున్యముపై పంపి, అవతల రెండు ఏంటెనాలతో వినరాదా? రెండును కలగాపులగమగును గదా, అని మీరడుగుదురు. అగును. కాని రెండు చెవులకు అందు కలగలుపు ఒకే తీరున నుండదు. మొదటి చెవికి రెండు సంఖ్యల మొత్తము 7 అని వినబడినది. రెండవ చెవికి మొదటి సంఖ్యకు రెట్టింపును, రెండవ సంఖ్యయు కలిసి 12 అని వినబడినది. మొదటి సంఖ్య 5, రెండవది 2 అని మీరు నోటితో చెప్పగలరు. పై తరగతులలో జంట సమీకరణములను సాధించునప్పుడు ఇదే పని చేయుదురు. రెండు చెవులకును ఒకే కలగలుపు వినబడినచో లెక్క తేలదు. గోడలకు, భవనములకు తగిలి తరంగములు పలుదారుల వచ్చుటచేతనే కలగలుపులు వేఱగుచున్నవి. అంతవఱకు శత్రువుగా నుండిన ప్రతిధ్వని ఇచట స్నేహితుడైనది. 2014లో పాల్‌రాజ్‌కు మార్కోని బహుమానము లభించెను. నేటి సెల్ టవరులు, ఇండ్లలోని వైఫై పెట్టెలు ఈ పద్ధతిని వాడుచున్నవి.

అంతకంటెను ఆశ్చర్యకరమైన ఫలితమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వివేక్ కడంబే, సయ్యద్ జాఫర్ అనువారు 2008లో ప్రకటించిరి. పదిజతలవారు ఒకేచోట మాటలాడుకొనవలెనన్న ఒక్కొక్క జతకు పదవ వంతే దక్కునను నమ్మకమును వారు ప్రశ్నించిరి. ఈ విధముగా ఊహింపుడు. ఒక మైదానమున పదిమంది చెప్పువారు, పదిమంది వినువారు ఉన్నారు. ఎవరికి కావలసిన మాట వారికి చేరుటకు రెండు, నాలుగు వంటి సరిసంఖ్యగల సెకనులు పట్టునట్లును, అక్కఱలేని మాటలన్నియు చేరుటకు ఒకటి, మూడు వంటి బేసిసెకనులు పట్టునట్లును వారిని నిలువబెట్టితిమి. అందఱును సరిసెకనులందే మాటలాడవలెను. అప్పుడు కావలసిన మాట సరిసెకనున అందును. అక్కఱలేని మాటలు తొమ్మిదియు ఒకదానిపై నొకటి పడి బేసిసెకనున అందును. బేసిసెకనులందు చెవి మూసికొన్న చాలును! పదిమంది యైనను, వందమంది యైనను ఒక్కొక్కనికి సగము కాలము నిరాటంకముగా దక్కినది. నిజముగా మనుష్యులను అట్లు నిలువబెట్టలేము గనుక తరంగముల రూపమునే తీర్చి ఆ ఫలితమును సాధింపవలెను. దానికి ప్రతి మార్గము తీరును ముందుగనే సూక్ష్మముగా తెలిసియుండవలెను. నడచిపోవు మనుష్యుని చేతిలోని ఫోను మార్గము క్షణక్షణమును మాఱుచుండును గావున, ఈ ఫలితము నేటికిని టవరులకంటె గ్రంథములలోనే ఎక్కువగా నున్నది.

తుపాను దినమున పొరుగుమాట చిక్కు పరాకాష్ఠ నందుకొనును. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్లకు సమీపమున తీరము దాటినది. అట్టి దినమున అందఱును ఒక్కసారిగా తమవారిని పిలువబూనుదురు. టవరు దానికి చాలదు. ఒక్కొక్క ఫోనునకు విడివిడిగా హెచ్చరిక పంపబూనినచో వేలకొలది సందేశములు ఒకదాని నొకటి త్రోసికొనును. కాని అందఱికిని కావలసిన వార్త ఒక్కటే గదా! ఒక టవరు క్రిందనున్న ఫోనులన్నియు ఒకే తరంగమును విని ఒకేసారి మ్రోగునట్లు చేయు పద్ధతికి సెల్ బ్రాడ్‌కాస్టు అని పేరు. దీనిలో వినువారు పదిమందియైనను, పదివేలమందియైనను టవరునకు భారము ఒక్కటే. మనదేశమున దీనిని 2023లో పలు ప్రాంతములందు పరీక్షించిరి. నిశ్శబ్దముగా నుంచిన ఫోనులు సహితము ఒక్కసారిగా కూయుట విని, అది పరీక్ష యని తెలియని పలువురు ఉలికిపడిరి.